సీఎల్ అంకెల చాటున అసలు ప్రశ్న

ఢిల్లీలో నెహ్రూ ప్లేస్, బెంగళూరులో ఎస్పీ రోడ్డు, చెన్నైలో రిచీ స్ట్రీట్, సికింద్రాబాద్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్. భాషలు వేరైనా కంప్యూటర్ విడిభాగాలు అమ్మే ఈ అంగళ్లన్నింటిలో ఒక ప్రశ్న తరచుగా వినిపిస్తుంది: ‘ఈ ర్యామ్ సీఎల్ ఎంత?’ నాలుగు వీడియోలు చూసి వచ్చిన కుర్రవాడు 22 వద్దు, 20 కావాలంటాడు. దుకాణదారు లోపలి నుంచి మరో పెట్టె తెచ్చి, దాని ధర కాస్త ఎక్కువని చెబుతాడు. వెనుక నిలబడిన తండ్రికి ఆ అంకెల మర్మం బోధపడదు. బిడ్డ చదువుకు మంచిదేమోనని అడిగినంతా చెల్లిస్తాడు.

ఆ అదనపు సొమ్ము దాదాపు వృథా. ల్యాప్‌టాప్ ర్యామ్ ఎంపికలో మెమరీ టైమింగ్స్‌కు ఉన్న పాత్ర స్వల్పాతి స్వల్పం. అయితే చర్చను అక్కడితో ముగిస్తే సగం నిజమే చెప్పినట్టవుతుంది. పనికిరాని ప్రశ్న కొనుగోలుదారు నోట్లో నానుతున్నంత కాలం, అడగవలసిన ప్రశ్న తయారీదారును గాని ప్రభుత్వాన్ని గాని తాకదు. ఆ అసలు ప్రశ్నకు సమాధానం దొరికే చోటు అంగడి కాదు. టెండరు పత్రాల్లో, దిగుమతి విధానంలో, వినియోగదారుల చట్టంలో దాన్ని వెతకాలి.

ముందు ఈ టైమింగ్స్ అంటే ఏమిటో చూడాలి. తహసీల్దారు కార్యాలయంలోని రికార్డు గదిని ఊహించుకుంటే విషయం తేలికగా అర్థమవుతుంది. ఒక సర్వే నంబరు పహాణీ కావాలంటే గుమాస్తా ముందు ఆ గ్రామం కట్టను బీరువాలోంచి తీసి బల్లమీద పెట్టాలి. తరువాత అందులో కావలసిన పుట వెతకాలి. పని ముగిశాక కట్టను యథాస్థానంలో పెట్టి గాని మరో గ్రామం కట్ట తీయకూడదు. ర్యామ్‌లోనూ సమాచారం అడ్డు వరుసలుగా, నిలువు వరుసలుగా అమరి ఉంటుంది. అడ్డు వరుసను తెరవడానికి, అందులో నిలువు గడిని చదవడానికి, వరుసను మూసివేయడానికి, ఒక వరుస కనీసం తెరిచి ఉండవలసిన వ్యవధికి ఒక్కో లెక్క ఉంటుంది. 22-22-22-52 వంటి వరుసలో కనిపించే నాలుగు అంకెలు ఇవే. వీటిలో మొదటిదే సీఎల్, అంటే తెరిచిన వరుసలోంచి అడిగిన పుట చేతికి అందడానికి పట్టే సమయం.

చిక్కంతా ఇక్కడే ఉంది. ఈ అంకె సెకన్లలో చెప్పేది కాదు. మెమరీ గడియారం ఎన్నిసార్లు టిక్కుమంటుందో చెప్పే లెక్క ఇది. ఒక్కో టిక్కు ఎంతసేపు పడుతుందన్నది ర్యామ్ వేగాన్ని బట్టి మారుతుంది. అందువల్ల వేగాన్ని పక్కనపెట్టి సీఎల్ అంకెను మాత్రమే చూడటం, సీట్ల సంఖ్య అడగకుండా ఓట్ల శాతం ఒక్కటే చూసి ప్రభుత్వం ఎవరిదో చెప్పబూనడం వంటిది. 2019 లోక్‌సభ ఎన్నికల్లో భారతీయ జనతా పార్టీకి సుమారు 37.4 శాతం ఓట్లు, 303 స్థానాలు వచ్చాయి. 2024లో ఓట్లు 36.6 శాతానికి తగ్గితే స్థానాలు 240కి పడిపోయాయి. మొదటి అంకె మాత్రమే చూసినవారికి రెండో అంకె చెప్పే కథ ఎన్నటికీ తెలియదు. మెమరీ విషయంలోనూ అంతే.

లెక్క కష్టమైనది కాదు. సీఎల్ అంకెను 2000తో గుణించి, ర్యామ్ వేగంతో భాగిస్తే అసలు సమయం నానోసెకన్లలో వస్తుంది. పాతికేళ్లనాటి డీడీఆర్-400 రకంలో సీఎల్ 3 ఉన్నదానికి 15 నానోసెకన్లు పట్టేది. డీడీఆర్3-1600, సీఎల్ 11కు 13.75. డీడీఆర్4-3200, సీఎల్ 22కు కూడా సరిగ్గా 13.75. డీడీఆర్5-5600, సీఎల్ 46కు సుమారు 16.4. సీఎల్ అంకె 3 నుంచి 46కు పెరిగింది. అసలు సమయం మాత్రం దాదాపు ఉన్నచోటే ఉంది. ఈ కాలంలో పెరిగింది ఒక్కసారిగా తరలించగల సమాచార పరిమాణం. సీఎల్ 46ను చూసి, ఇది పాతదానికన్నా రెండింతలు నెమ్మది కదా అని బెదిరేవారి భయం ఈ భాగహారంతో తీరిపోతుంది.

ఇక అంగట్లో బేరం పెట్టిన తేడా సంగతి. 3200 వేగంలో సీఎల్ 22కు 13.75 నానోసెకన్లు, సీఎల్ 20కి 12.5. అంతరం ఒకటింబావు నానోసెకను. అంత వ్యవధిలో కాంతి కూడా ఒక మూర దూరం పోలేదు. పైగా ప్రాసెసర్ అడిగిన సమాచారం ర్యామ్ నుంచి చేతికందే మొత్తం ప్రయాణంలో సీఎల్ ఒక భాగం మాత్రమే. క్యాషేలన్నీ వెతకడం, మెమరీ కంట్రోలర్ వద్ద వరుసలో నిలబడటం, దారి ఖర్చులు అన్నీ కలిపితే ల్యాప్‌టాప్‌లలో మొత్తం సుమారు 80 నుంచి 120 నానోసెకన్ల దాకా అవుతుంది. అందులో ఒకటింబావు తగ్గడమంటే వందలో ఒకటి రెండు వంతులు. అదీ కావలసింది క్యాషేలో దొరకక ర్యామ్ దాకా వెళ్లవలసి వచ్చినప్పుడే. అడిగినవాటిలో అత్యధికం ప్రాసెసర్ పక్కనే ఉన్న క్యాషేలోనే దొరికిపోతాయి.

టైమింగ్స్‌కు అసలు విలువే లేదనడం కూడా న్యాయం కాదు. సెకనుకు వందల కొద్దీ ఫ్రేములు కోరే ఆటలు ఆడేవారు, డెస్క్‌టాప్ యంత్రాన్ని స్వయంగా కూర్చుకునేవారు ఈ అంకెలను సవరించి కొంత లాభం పొందుతారు. వారికది ఆటలో భాగం కూడా. ల్యాప్‌టాప్ పరిస్థితి వేరు. అత్యధిక ల్యాప్‌టాప్‌ల బయోస్‌లో టైమింగ్స్ మార్చుకునే వీలే ఉండదు. జెడెక్ సంస్థ నిర్ణయించిన ప్రామాణిక విలువలతోనే యంత్రం నడుస్తుంది. డెస్క్‌టాప్ ర్యామ్ పెట్టెలపై గొప్పగా ముద్రించే ఎక్స్‌ఎంపీ ప్రొఫైళ్లను చాలా ల్యాప్‌టాప్‌లు పట్టించుకోవు. అంటే, సొమ్ము చెల్లించి తెచ్చుకున్న తక్కువ సీఎల్ ల్యాప్‌టాప్‌లో అమల్లోకి రాకుండానే పోవచ్చు. ఉన్న స్టిక్కుకు భిన్నమైన టైమింగ్ ఉన్న మరో స్టిక్కు జతచేస్తే రెండూ నెమ్మదైనదాని వేగానికి సర్దుకుని సాధారణంగా పనిచేస్తాయి. కాబట్టి ‘సరిగ్గా అదే సీఎల్ దొరకలేదు’ అన్న కారణంతో రెండో స్లాటును ఖాళీగా ఉంచడం తెలివైన పని కాదు.

మరి దేనికి విలువ ఉంది? మొదటిది పరిమాణం. ర్యామ్ నిండిపోయినప్పుడు కంప్యూటర్ కొంత సమాచారాన్ని ఎస్‌ఎస్‌డీలోకి నెట్టి, మళ్లీ అవసరమైనప్పుడు అక్కడినుంచి తెప్పించుకుంటుంది. రికార్డు గదిలో చోటు చాలక కట్టలను జిల్లా కేంద్రానికి పంపి, అడిగిన ప్రతిసారీ మనిషిని పంపి రప్పించుకోవడం వంటిదిది. ఎస్‌ఎస్‌డీ నుంచి ఒక చదువుకు సుమారు 50 నుంచి 100 మైక్రోసెకన్లు పడుతుంది. 14 నానోసెకన్లను ఒక నిమిషంగా లెక్కిస్తే, ఎస్‌ఎస్‌డీ దాకా వెళ్లి రావడానికి దాదాపు ఐదు రోజుల వరకు పడుతుందన్నమాట. అదే కొలతలో సీఎల్ 22కు, సీఎల్ 20కి మధ్య తేడా ఐదు సెకన్లు. ఐదు సెకన్లు ఆదా చేయడానికి డబ్బు వెచ్చించి, ఐదు రోజుల నిరీక్షణను నెత్తికెత్తుకోవడమే 8 జీబీతో సరిపెట్టుకుని తక్కువ సీఎల్ కోసం వెతకడం. పదిహేను ట్యాబులు తెరిచిన బ్రౌజరు, ఒక వీడియో క్లాసు, ఒక పెద్ద పత్రం ఏకకాలంలో నడిస్తే 8 జీబీ యంత్రం ఆయాసపడుతుంది. 4 జీబీ యంత్రం అడుగు వేయలేదు.

రెండోది మార్గాల సంఖ్య. డీడీఆర్4-3200 స్టిక్కు ఒకటే ఉంటే సెకనుకు గరిష్ఠంగా 25.6 గిగాబైట్లు తరలుతాయి. రెండు స్టిక్కులు రెండు మార్గాల్లో ఉంటే 51.2. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని చవక ల్యాప్‌టాప్‌లలో తెరమీది బొమ్మలకు కూడా ఇదే మెమరీ దిక్కు గనుక ఈ తేడా కంటికి కనిపిస్తుంది. ఖర్చు తగ్గించడానికి ఒకే స్టిక్కుతో అమ్మిన యంత్రానికి రెండో స్టిక్కు జతచేయడం, ఏ సీఎల్ మార్పు కన్నా పది రెట్లు మేలైన పని.

జత చేయగలిగితేనే! మూడోదీ, అత్యంత కీలకమైనదీ ఇదే. నేటి ల్యాప్‌టాప్‌లలో అనేక నమూనాలకు ర్యామ్ స్లాటే లేదు. చిప్పులను మదర్‌బోర్డుకే సోల్డర్ చేసి అమ్ముతున్నారు. అటువంటి యంత్రంలో కొన్ననాటి 8 జీబీ దాని ఆయుర్దాయమంతా 8 జీబీయే. ఒక్క మెమరీ చిప్పు చెడితే మదర్‌బోర్డు మొత్తం మార్చవలసి వస్తుంది. ఆ ఖర్చు వినగానే చాలామంది కొత్తది కొనుక్కుంటారు. ఈ సంగతి పెట్టెపై పెద్ద అక్షరాల్లో ఉండదు. అంగడిలో వాదన నడిచే సీఎల్ అంకె కన్నా ఈ ఒక్క వాక్యం వేయి రెట్లు విలువైనది. అయినా దాన్ని అడిగేవారు అరుదు, చెప్పేవారు మరీ అరుదు.

సోల్డర్ చేయడానికి తయారీదారులు చెప్పే కారణాల్లో నిజం లేకపోలేదు. ఎల్‌పీడీడీఆర్ రకం మెమరీ తక్కువ విద్యుత్తు వాడుతుంది, ప్రాసెసర్‌కు ఆనుకుని ఉండటంవల్ల ఎక్కువ వేగం అందుకుంటుంది, యంత్రం పలుచగా తయారవుతుంది. బ్యాటరీ ఎక్కువసేపు నిలవడం విద్యార్థికి చిన్న ప్రయోజనమేమీ కాదు. కానీ వేగానికీ, మార్చుకునే వీలుకూ పొత్తు కుదరదన్న వాదనకు కాలం చెల్లుతోంది. జెడెక్ 2023 డిసెంబరులో క్యామ్2 ప్రమాణాన్ని ప్రకటించింది. ఎల్‌పీడీడీఆర్ మెమరీనే విప్పి మార్చుకోదగిన పలక రూపంలో అమర్చే ల్యాప్‌టాప్‌లు 2024లోనే బజారుకెక్కాయి. సాధ్యమని రుజువైన పని అరుదుగానే జరుగుతోందంటే అందుకు సాంకేతికతను తప్పుపట్టలేం. కొత్త యంత్రం అమ్ముడుపోవడంలో ఉన్న లాభం పాత యంత్రానికి స్టిక్కు అమ్మడంలో లేదు.

ఇక్కడే రాజకీయం ప్రవేశిస్తుంది. ఈ దేశంలో ల్యాప్‌టాప్ వ్యక్తిగత వస్తువు మాత్రమే కాదు, ఎన్నికల వాగ్దానం కూడా. తమిళనాడులో జయలలిత ప్రభుత్వం 2011లో ఉచిత ల్యాప్‌టాప్ పథకం ప్రారంభించింది. ఉత్తరప్రదేశ్‌లో అఖిలేశ్ యాదవ్ 2012 ఎన్నికల వాగ్దానంగా ఇచ్చి, అధికారంలోకి వచ్చాక పంచారు. తమిళనాడు 2025 బడ్జెట్‌లో 20 లక్షల మంది కళాశాల విద్యార్థులకు రెండేళ్లలో ల్యాప్‌టాప్ లేదా ట్యాబ్ ఇస్తామని ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి విద్యార్థులకు ట్యాబులు పంచారు. ఉచితాలా, పెట్టుబడా అన్న చర్చ ఏళ్ల తరబడి సాగుతూనే ఉంది. ఆ చర్చలో ఇరుపక్షాలూ అడగని ప్రశ్న ఒకటుంది: ప్రజాధనంతో కొన్న ఆ యంత్రం ఎన్నేళ్లు పనిచేస్తుంది?

ప్రభుత్వ కొనుగోళ్లలో సాంకేతిక అర్హత పొందినవారిలో అత్యల్ప ధర చెప్పినవారికే సాధారణంగా ఆర్డరు దక్కుతుంది. ఈ పద్ధతిలో టెండరులో ఏది రాస్తే అదే వస్తుంది, రాయనిదేదీ రాదు. ‘8 జీబీ ర్యామ్’ అని మాత్రమే రాస్తే ఒకే స్టిక్కుతోనో, సోల్డర్ చేసినదో, స్లాటు లేనిదో వచ్చినా నిబంధన ప్రకారం తప్పు పట్టలేరు. ‘కనీసం ఒక ఖాళీ స్లాటు ఉండాలి, మెమరీని 16 జీబీకి పెంచుకునే వీలుండాలి, మార్చినంత మాత్రాన వారంటీ రద్దు కారాదు’ అన్న మూడు షరతులు చేర్చడానికి కొత్త చట్టం అక్కర్లేదు. మూడేళ్లకే మూలన పడే యంత్రాన్ని మరో మూడేళ్లు నడిపించే శక్తి వాటికి ఉంది. పంపిణీ వేదికపై నాయకుడి ఛాయాచిత్రం ల్యాప్‌టాప్ మూతపై ఎంత పెద్దదిగా ఉండాలో ఆలోచించే యంత్రాంగానికి, మూత కింద ఏముందో ఆలోచించడం అసాధ్యం కాకూడదు.

కేంద్ర స్థాయిలోనూ చూపు ఇలాగే పక్కకు మళ్లింది. 2023 మే నెలలో ఐటీ హార్డ్‌వేర్‌కు 17,000 కోట్ల రూపాయలతో ఉత్పత్తి ప్రోత్సాహక పథకం రెండో విడతను ఆమోదించారు. అదే ఏడాది ఆగస్టు 3న ల్యాప్‌టాప్‌లు, ట్యాబ్లెట్ల దిగుమతికి లైసెన్సు తప్పనిసరి అని ప్రకటించి, మరునాడే అమలును అక్టోబరు 31 వరకు వాయిదా వేశారు. చివరికి దాని స్థానంలో నమోదుతో అనుమతి ఇచ్చే విధానం వచ్చింది. యంత్రాన్ని ఎక్కడ బిగించారన్నదే ఈ విధానాలన్నింటికీ కేంద్రబిందువు. బిగించినదాన్ని ఊరిలోని మెకానిక్ విప్పగలడా అన్న విషయం వాటిలో చోటు చేసుకోలేదు.

మెమరీలో స్వావలంబన మాటేమిటి? గుజరాత్‌లోని సాణంద్‌లో మైక్రాన్ తలపెట్టిన కర్మాగారం వ్యయం 275 కోట్ల డాలర్లు. అందులో సగం కేంద్రం, ఐదోవంతు రాష్ట్రం భరించేలా 2023లో ఒప్పందం కుదిరింది. అంటే ప్రతి పది రూపాయల్లో ఏడు రూపాయలు ప్రజలవే. అక్కడ జరిగేది చిప్పుల కూర్పు, ప్యాకేజింగ్, పరీక్ష. సిలికాన్ పలకపై మెమరీని రూపొందించే అసలు పని విదేశాల్లోనే జరుగుతుంది. తొలి అడుగుగా దీనికి విలువ ఉంది గాని, దీన్నే గమ్యంగా చూపడం ఆత్మవంచన.

ప్రపంచ డీర్యామ్ విపణిలో సింహభాగం శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ అనే మూడు సంస్థల చేతుల్లో ఉంది. ఈ పరిశ్రమ గత చరిత్ర కూడా మరువదగినది కాదు. ధరలను కూడబలుక్కుని నిర్ణయించిన నేరాన్ని అమెరికా న్యాయశాఖ ఎదుట అంగీకరించి 2004-06 మధ్య ఇన్ఫినియన్ 16 కోట్లు, హైనిక్స్ 18.5 కోట్లు, శామ్‌సంగ్ 30 కోట్ల డాలర్ల జరిమానా చెల్లించాయి. యూరోపియన్ కమిషన్ 2010లో మెమరీ తయారీదారులపై 33 కోట్ల యూరోలకు పైగా జరిమానా విధించింది. తాజాగా కృత్రిమ మేధ సర్వర్లకు మెమరీని మళ్లించడంతో 2025 ద్వితీయార్ధం నుంచి ధరలు నింగినంటాయి. వినియోగదారులకు నేరుగా ర్యామ్ అమ్మే క్రూషియల్ వ్యాపారం నుంచి వైదొలగుతున్నట్టు మైక్రాన్ 2025 డిసెంబరులో ప్రకటించింది. సాణంద్ కర్మాగారానికి పన్నుల రూపంలో డబ్బిచ్చిన భారతీయుడికి, అదే సంస్థ పేరున అంగట్లో దొరికే స్టిక్కు ఇక దొరకదన్నమాట.

ధరలు ఇలా మండుతున్నప్పుడు మార్చుకునే వీలు మరింత విలువైనదవుతుంది. స్లాటు ఉన్నవాడు ఇవాళ 8 జీబీతో కొని, ధరలు దిగివచ్చాక మరో స్టిక్కు చేర్చుకోగలడు. పాత యంత్రంలోని స్టిక్కును కొత్తదానికి మార్చుకోగలడు. సోల్డర్ చేసిన యంత్రం కొన్నవాడు మాత్రం కొన్ననాటి ధరకే జీవితాంతం బందీ. పైగా పెద్ద పరిమాణానికి తయారీదారు ఎంత అడిగితే అంత చెల్లించడం తప్ప, బయట కొనుక్కునే దారి అతనికి ఉండదు. పోటీ ఉండవలసిన చోట పోటీని తొలగించే పద్ధతి ఇది.

వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో ‘మరమ్మతు హక్కు’పై కమిటీ వేసింది. వ్యవసాయ పరికరాలు, మొబైల్ ఫోన్లు, ట్యాబ్లెట్లు, గృహోపకరణాలు, వాహన రంగాలను తొలుత ఎంచుకుంది. అదే ఏడాది డిసెంబరులో ఒక పోర్టల్ కూడా ప్రారంభమైంది. 2025లో మరమ్మతు సూచీపై వచ్చిన సిఫార్సులు సైతం స్మార్ట్‌ఫోన్లు, ట్యాబ్లెట్లతో మొదలుపెట్టాలన్నాయి. ల్యాప్‌టాప్ ఆ తొలి వరుసలో లేదు. ఫ్రాన్స్‌లో 2021 జనవరి నుంచి అమలైన మరమ్మతు సూచీ మొదటి జాబితాలోనే ల్యాప్‌టాప్‌కు చోటు దక్కింది. అక్కడి కొనుగోలుదారు ధర పక్కనే పదికి ఎన్ని మార్కులో చూసి నిర్ణయించుకోగలిగాడు. ఇక్కడి కొనుగోలుదారుకు ఆ సమాచారం ఇచ్చేవారు లేరు గనుక, కనిపిస్తున్న సీఎల్ అంకెనే పట్టుకుని వేలాడుతున్నాడు. దీనికి అతన్ని నిందించి ప్రయోజనం లేదు. అవసరమైన సమాచారం దాచిపెట్టిన విపణిలో అనవసరమైన సమాచారమే జ్ఞానంగా చలామణీ అవుతుంది.

కాబట్టి అంగడికి వెళ్లే తండ్రి గుర్తుంచుకోవలసింది కొద్దిగానే ఉంది. ర్యామ్ ఎన్ని జీబీ? ఒక స్టిక్కా, రెండా? స్లాటు ఉందా, సోల్డర్ చేశారా? ఈ మూడింటికీ సంతృప్తికరమైన జవాబు వచ్చి, ధర కూడా ఒకటే అయినప్పుడు, తక్కువ సీఎల్ ఉన్నది తీసుకుంటే నష్టమేమీ లేదు. దానికోసం పైసా ఎక్కువ పెట్టనక్కరలేదు.

శాసనసభల్లో, పార్లమెంటులో కూర్చున్నవారు అడగవలసింది మరికొంత ఉంది. ప్రజాధనంతో కొనే ప్రతి ల్యాప్‌టాప్‌కూ మెమరీ మార్చుకునే వీలును టెండరులో ఎందుకు షరతుగా పెట్టలేదు? పెట్టెపై సోల్డర్ చేసిన సంగతిని ముద్రించాలని ఎందుకు ఆదేశించలేదు? మరమ్మతు సూచీలో ల్యాప్‌టాప్‌కు ఎప్పుడు చోటిస్తారు? ఈ ప్రశ్నలకు జవాబు రానంతవరకు పేదింటి విద్యార్థి చేతిలోని యంత్రం, దాని వారంటీ కన్నా కొద్ది రోజులే ఎక్కువ బతుకుతుంది. మూలన పడిన ఆ యంత్రం ఎన్ని నానోసెకన్లలో పనిచేసేదో ఎవరికీ అక్కర్లేదు.